పవర్‌బోటు పందెం రోజున నదిని మూయడం ఎలా?

ఫార్ములా వన్ పవర్‌బోటు గంటకు 220 కిలోమీటర్లు దాటి పోతుంది. అంటే సెకనుకు 61 మీటర్లు. దానికి బ్రేకు లేదు, గేర్లు లేవు. నడిపే మనిషి ఇంధనం తగ్గించాక నీళ్లే దాన్ని ఆపాలి. అలాంటి పడవలు పదిహేను, ఇరవై ఒకేసారి తిరుగుతున్న చోటికి వల తీసుకోవడానికి ఒక నాటు పడవ వచ్చిందనుకోండి, తప్పుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. అందుకే పందెం నడిచినంతసేపు నదిలో ఆ మేర రాకపోకలు ఆపుతారు.

2018 నవంబరు 16 నుంచి 18 వరకు విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణలో ఈ ఫార్ములా వన్ పందెం జరిగింది. వేలమంది చూశారు. అయితే పందెం కోసం నదిని ఎలా ఆపాలి, ఎవరిని అడిగి ఆపాలి, మళ్లీ ఎలా తెరవాలి అన్నది మన భాషలో ఎవరూ పెద్దగా రాయలేదు. నిర్వాహక బృందంలో మొదటిసారి చేరినవారికి పనికొచ్చేలా ఆ పద్ధతిని వరసగా చెబుతాను. నమూనాగా తీసుకున్నది అమెరికాలో ఒహాయో నది ఒడ్డున, ఇండియానా రాష్ట్రంలో ఉన్న మాడిసన్ అనే చిన్న పట్నం. అక్కడ ఏటా జులై మొదట్లో హైడ్రోప్లేన్ పందెం పెడతారు. చినూక్ హెలికాప్టర్ ఇంజన్లు బిగించిన పడవలవి. 1971లో ఆ ఊరివాళ్ల ఉమ్మడి సొత్తయిన ‘మిస్ మాడిసన్’ పడవ తమ నదిలోనే, తమ కళ్లముందే గోల్డ్ కప్ అనే హైడ్రోప్లేన్ పందెం గెలిచింది. ఆ ఊరినే ఎంచుకోవడానికి కారణం ఇంకొకటి ఉంది. ఒహాయో సరకు రవాణా నది. బొగ్గు, ఇసుక, ధాన్యం మోసే బార్జిలు రాత్రింబవళ్లు నడుస్తాయి. దాన్ని రోజంతా మూసేస్తామంటే కుదరదు. అంత ఇబ్బంది ఉన్న చోట పని ఎలా చేస్తారో తెలిస్తే, మిగతా చోట్ల సులువవుతుంది.

మొదటి మెట్టు: నదిలో తిరిగేవాళ్ల జాబితా రాయండి

పటం దగ్గర కూర్చోకముందే రేవుకు వెళ్లండి. ఒక సెలవు రోజు, ఒక పని రోజు, తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఎవరెవరు ఆ నీళ్లలోకి దిగుతున్నారో రాసుకోండి. మాడిసన్‌లో ఈ జాబితాలో పైన ఉండేది బార్జిల గుంపు. వరసకు మూడు చొప్పున అయిదు వరసలు, మొత్తం పదిహేను బార్జిలను కలిపికట్టి వెనక నుంచి ఒకే టోబోటు నెడుతుంది. పొడవు దాదాపు 340 మీటర్లు. ఒక్కో బార్జిలో 1,500 టన్నుల సరకు. ప్రవాహం వెంట దిగే అలాంటి గుంపు ఆగాలంటే మైలు దూరం పట్టవచ్చు. దానికి పడవలో నిలబడి చెయ్యి ఊపితే సరిపోదు, చాలా ముందుగా కబురందాలి.

కృష్ణలో జాబితా వేరుగా ఉంటుంది. భవానీ ద్వీపానికి వెళ్లే పర్యాటక లాంచీలు, అవతలి ఒడ్డుకు, లంకలకు జనాన్ని దాటించే పడవలు, ఇసుక పడవలు, వల వేసి గంటల తరబడి దాని పక్కనే కాచుకునే మత్స్యకారులు, ఘాట్లలో స్నానాలు చేసేవాళ్లు. 2018 పందెం జరిగిన ఆ మూడు రోజులూ కార్తీకంలో పడ్డాయి. తెల్లవారుజామున దీపాలు వదలడానికి వచ్చే ఆడవాళ్లు, పిల్లలు మెట్ల మీద ఎంతమంది ఉంటారో విజయవాడవాళ్లకు చెప్పక్కర్లేదు. తేదీ ఖరారు చేసేవాళ్లు పంచాంగం కూడా పక్కన పెట్టుకోవాలి. అంతకు ఏడాది ముందు, 2017 నవంబరు 12న, అదే నదిలో కాస్త ఎగువన పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. అదీ కార్తీక ఆదివారమే. ఆ రోజుల్లో నది ఎంత రద్దీగా ఉంటుందో నిర్వాహకులు ఎప్పుడూ మరవకూడదు.

ఇంజను లేని నాటు పడవల లెక్క దొరకడం కష్టమని వదిలేయకండి. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం వాటిని జిల్లా, తాలూకా, పంచాయతీ స్థాయుల్లో నమోదు చేయడానికి వీలు కల్పించింది. ముందు పంచాయతీలో అడగండి. అక్కడ లేకపోతే మత్స్యకారుల సహకార సంఘం పెద్దను అడగండి. ఏ పడవ ఎవరిదో, ఏ రాత్రి ఎవరు ఎక్కడ వల వేస్తారో ఆయనకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు.

ఇంకో మాట. వేటకు వెళ్లని రోజు మత్స్యకారుడికి కూలి పోయిన రోజు. ఆ నష్టపరిహారాన్ని పందెం బడ్జెట్టులో, బహుమతి డబ్బు రాసే పేజీలోనే రాయండి. ఇది దయతో ఇచ్చేది కాదు. నదిని అద్దెకు తీసుకున్నందుకు కట్టే అద్దె.

రెండో మెట్టు: అర్జీ

అమెరికాలో నదిలో పందేలను అదుపు చేసే అధికారాన్ని 1908లోనే చట్టం చేసి ఇచ్చారు. ఇప్పుడు ఆ పని కోస్ట్‌గార్డ్‌ది. కొత్త పందెమైతే 135 రోజుల ముందు అర్జీ చేరాలి. నిరుడు ఇదే చోట ఇదే తీరుగా జరిగి, అభ్యంతరాలేవీ రాని చిన్న పందేలకు గడువు 60 రోజులకు తగ్గవచ్చు. అర్జీలో ఏముండాలో చూస్తే పద్ధతి మొత్తం అర్థమవుతుంది: పందెం పేరు, నిర్వాహకులు, గంట గంటకూ కార్యక్రమం, పాల్గొనే పడవలెన్ని, చూడ్డానికి వచ్చే పడవలెన్ని, నిర్వాహకులు సొంతంగా పెట్టుకునే కాపలా పడవలెన్ని, పందెం దారినీ ప్రేక్షకుల చోటునూ కొలతలతో గీసిన పటం. ఒడ్డు ఒకటి ఇండియానాది, ఎదుటిది కెంటకీది. రెండు రాష్ట్రాల మధ్య పారే నది గనక కేంద్ర సంస్థ మాట చెల్లుతుంది.

మన దగ్గర పని పలు శాఖల మధ్య పంచి ఉంటుంది. కలెక్టరేట్ నుంచి మొదలుపెట్టి జలవనరుల శాఖ, పోలీసు, మత్స్యశాఖ, పర్యాటక శాఖ, విపత్తు స్పందన దళం, అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టమని అడగండి. విడివిడిగా తెచ్చుకున్న అనుమతులు పందెం రోజున ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయి. 135 రోజుల లెక్క మన నదులకూ సరిపోతుంది, అంతకు తగ్గించుకోవద్దు.

మూడో మెట్టు: నీటి మీద గీతలు

పటంలో నాలుగు చోట్లు వేరుచేయాలి. పందెం దారి, దాని చుట్టూ ఖాళీ వలయం, ప్రేక్షకుల పడవలు లంగరు వేసుకునే చోటు, మిగతా పడవలు నెమ్మదిగా దాటిపోయే దారి. నది ఇరుకైతే నాలుగోది ఉండదు, అప్పుడు వేళలతోనే సర్దుకోవాలి.

ఖాళీ వలయం అన్ని వైపులా ఒకే వెడల్పుతో గీయడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. మలుపులో పట్టు తప్పిన పడవ మలుపు వెంట తిరగదు, వచ్చిన దిశలో తిన్నగా బయటికి దూసుకుపోతుంది. కాబట్టి నేరుగా పోయే దారి పక్కన ఉన్నదానికంటే మలుపుల బయటివైపు చాలా ఎక్కువ ఖాళీ కావాలి. అటువైపు ప్రేక్షకుల పడవ ఒక్కటి కూడా ఉండకూడదు. ఫొటోలు తీసేవాళ్లు మొదట అడిగేది ఆ చోటే. ఇవ్వకండి.

ప్రేక్షకుల పడవలను పందేనికి దిగువన పెట్టడం మంచిది. లంగరు జారినా ప్రవాహం వాటిని పందెం నుంచి దూరంగానే తీసుకుపోతుంది. ప్రకాశం బ్యారేజీ ఎగువన ఉన్నట్టు నిలవ నీళ్లయితే ప్రవాహం కంటే గాలి ముఖ్యం. ఆ నెలలో గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో పడవవాళ్లను అడగండి. అలాంటి చోట దిగువన బ్యారేజీ గేట్లు ఉంటాయి కాబట్టి వాటికీ ప్రేక్షకుల పడవలకూ మధ్య చాలా దూరం ఉంచాలి. గేట్లు ఎప్పుడు ఎత్తుతారో, ఎంత ఎత్తుతారో పందెం కంట్రోలు గదికి చెప్పకుండా మార్చకూడదని జలవనరుల శాఖతో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. ఎగువన పులిచింతల నుంచి వదిలే నీటి విషయమూ అంతే.

మూసిన సమయంలో కట్టేసి ఉంచే పడవల మాట సాధారణంగా ఎవరికీ గుర్తుండదు. 2024 సెప్టెంబరు 1న వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఢీకొని నష్టం కలిగించాయి. అది పందెం కాదు, పెద్ద వరద. కానీ కట్టు సరిగా లేని ఖాళీ పడవ ఏం చేయగలదో అందరికీ తెలిసింది. ఎవరి పడవ ఏ గుంజకు, ఎన్ని తాళ్లతో కట్టాలో పటంలోనే రాయండి.

నాలుగో మెట్టు: మూసే వేళ, తెరిచే వేళ

ఈ పనంతటిలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ మెట్టు దగ్గరే. నదిని ఎప్పుడు మూస్తారో అందరూ ప్రకటిస్తారు. ఎప్పుడు తెరుస్తారో చెప్పేవాళ్లు తక్కువ. రైలు గేటు దగ్గర చూడండి, ఎంతసేపటికి తీస్తారో తెలియనివాడే సైకిలు వంచి కిందనుంచి దూరుతాడు. నదిలోనూ నిషేధాన్ని దాటి వచ్చే పడవల్లో చాలావాటికి కారణం మొండితనం కాదు. అవతలి ఒడ్డున పని ఉంది, ఎప్పుడు వదులుతారో తెలియదు, చూస్తూ చూస్తూ పొద్దు పోతోంది.

అందుకని రోజును ముక్కలు చేయండి. మాడిసన్‌లాంటి చోట హీట్లకు, అంటే పందెం విడతలకు, మధ్య విరామంలో, కాపలా పడవల తోడుతో, సరకు బార్జిలను దాటిస్తారు. ఎగువన మార్క్‌లాండ్ దగ్గర లాకు ఉంది, మాడిసన్‌కు దాదాపు 26 మైళ్లు. లాకు దాటిన ప్రతి బార్జిల గుంపు ఏ గంటకు పందెం దగ్గరికి చేరుతుందో లెక్క వేయవచ్చు. లాకు సిబ్బందితో, టోబోటు కెప్టెన్లతో మాట్లాడి, పందెం సమయంలో వచ్చిపడకుండా వాళ్లను ముందే దూరంగా ఆపుతారు. నది మధ్యలో ఆపడం కంటే లాకు దగ్గర ఆపడం ఎంతో తేలిక.

బార్జిల గుంపు దాటిన వెంటనే పందెం మొదలుపెట్టవద్దు. దాని అలలు ఒడ్లకు తగిలి తిరిగి వస్తూ కొంతసేపు నీటిని కుదురుకోనివ్వవు. పందెం పడవ అడుగు నీటికి తగిలీ తగలనట్టు పోతుంది. చిన్న అల మీద ముక్కు లేస్తే కిందికి గాలి దూరి, పడవ గాల్లోకి లేచి వెల్లకిలా పడుతుంది. నీళ్లు అద్దంలా అయ్యేదాకా ఆగాలి. ఆ సమయాన్నీ వేళల పట్టికలో చేర్చండి.

ఇక అసలు నియమం. పందెం ఆలస్యమైతే తగ్గించుకోవాల్సింది పందెం సమయాన్నే. తెరుస్తామని చెప్పిన వేళను ఎట్టి పరిస్థితుల్లోనూ మింగకూడదు. పన్నెండింటికి తెరుస్తామని చెప్పి పన్నెండున్నరకు తెరిస్తే, ఆ రోజు మధ్యాహ్నం మీ హారన్‌ను ఎవరూ నమ్మరు. టీవీ ప్రసారం వాళ్లు ఒత్తిడి చేస్తారు, స్పాన్సర్లు చేస్తారు. ఈ ఒక్క విషయంలో కఠినంగా ఉండండి.

అయిదో మెట్టు: ఒకే గొంతు

నీటి మీద ఆ రోజు మాట చెల్లే మనిషి ఒక్కరే ఉండాలి. కోస్ట్‌గార్డ్ పద్ధతిలో ఆ మనిషిని పెట్రోల్ కమాండర్ అంటారు. రేడియోలో ‘పాట్‌కామ్’ అని పిలిస్తే పలుకుతారు. అందరూ వినే వీహెచ్‌ఎఫ్ 16వ ఛానల్ మీద ఆయన దొరుకుతాడు. ప్రాణాలకు ముప్పు అనిపిస్తే ఏ పడవనైనా ఆపవచ్చు, పందేన్నే నిలిపేయవచ్చు. నిర్వాహకులు, కోటి రూపాయల పడవ యజమాని, మంత్రిగారు, ఎవరూ ఆ నిర్ణయాన్ని మార్చలేరు. పందెం రెఫరీ, పెట్రోల్ కమాండర్ ఒకరే కాకూడదు. ఒకరికి పందెం పూర్తవడం ముఖ్యం, ఇంకొకరికి జనం ఇళ్లకు చేరడం ముఖ్యం.

కాపలా పడవ నుంచి వరసగా పొట్టి పొట్టి హారన్ కూతలు వస్తే అర్థం ‘ఉన్నచోటే ఆగు’ అని. ఇది అందరికీ ముందే తెలియాలి. నాటు పడవలో రేడియో ఉండదు. అక్కడ ఎర్రజెండా, హారన్, తెలిసిన మనిషి గొంతు, ఇవే పనిచేస్తాయి. కాపలా పడవల్లో సగమైనా స్థానిక సరంగులకు, మత్స్యకారులకు అప్పగించండి. యూనిఫాం వేసుకున్న కొత్త మనిషి అరిస్తే గొడవవుతుంది. ‘బాబాయ్, ఓ అరగంట ఆగు, పన్నెండింటికి వదిలేస్తారు’ అని తమ రేవు కుర్రాడు చెబితే ఆగుతారు. వాళ్లకు జాకెట్, భోజనం, రోజు కూలి ఇవ్వండి, జీవిత బీమా కూడా.

ఆరో మెట్టు: చాటింపు

ఒహాయోలో నావికుల కోసం వెలువడే ప్రకటనల్లో, రేడియోలో వివరాలు ఇస్తారు. మన రేవుల్లో రేడియో కంటే ఆటో మైకు, గుడి మైకు, రేవు దగ్గర టీకొట్టు, సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టే గొంతు సందేశం ఎక్కువ దూరం వెళ్తాయి. నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం మళ్లీ చెప్పండి. ప్రకటన పొట్టిగా, గంటలతో ఉండాలి. ఉదాహరణకు ఇలా:

‘రేపు శనివారం పొద్దున పది నుంచి పన్నెండు వరకు పున్నమి ఘాట్ ఎదురుగా పడవ వేయకూడదు, వల వేయకూడదు. పన్నెండు నుంచి ఒకటిన్నర వరకు దాటవచ్చు, నెమ్మదిగా వెళ్లాలి. ఒకటిన్నర నుంచి మూడున్నర వరకు మళ్లీ మూసివేత. వేసిన వలలు శుక్రవారం రాత్రి లోపు తీసుకోండి. ఆసుపత్రి అవసరమైతే ఎప్పుడైనా సరే, తెల్లజెండా ఉన్న పడవ దగ్గరికి రండి, దాటిస్తాం.’

ఆ చివరి వాక్యం లేకుండా ఏ ప్రకటనా బయటికి వెళ్లకూడదు.

ఏడో మెట్టు: ఆ ఉదయం

మొదటి పని చెత్త ఏరడం. సగం మునిగి తేలే దుంగ పైనుంచి కనబడదు, పందెం పడవకు అదే బండరాయి. ఒహాయోలో ఎగువన వాన పడితే దుంగలు, కొమ్మలు కొట్టుకొస్తాయి. నీటిమట్టం పెరిగి మాడిసన్ పందేలు ఆగిపోయిన సందర్భాలున్నాయి. కృష్ణలో గుర్రపుడెక్క, తెగిన వలలు, ప్లాస్టిక్ తాళ్లు ఉంటాయి. వల ముక్క ప్రొపెల్లరుకు చుట్టుకుంటే పడవ నది మధ్యలో చచ్చుబడి నిలుస్తుంది, వెనక వచ్చేవాటికి అడ్డమవుతుంది. ఎగువన కొక్కేలతో రెండు పడవలు రోజంతా కాపు కాయాలి.

తర్వాత రేడియోలు ఒక్కొక్కటీ పలికించి చూడండి. హద్దులకు గుర్తుగా నీటిలో తేలేలా వేసిన బోయాలు పక్కకు జరిగాయేమో చూడండి. వైద్యుల పడవ నుంచి అంబులెన్సు దాకా దారి ఖాళీగా ఉందో లేదో ఒకరు స్వయంగా నడిచి చూడాలి. నీటిమట్టం ఎంతకు పెరిగితే, గాలి ఎంతకు చేరితే రద్దు చేస్తారో ముందే కాగితం మీద రాసి సంతకాలు చేసి ఉండాలి. అప్పటికప్పుడు, జనం ఒడ్డున అరుస్తుండగా, ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరికైనా కష్టం.

కాపలా పడవలకు ఒక హెచ్చరిక. తొందరలో పరుగెత్తే బరువైన రక్షణ పడవలే తరచు పెద్ద అలలు లేపుతాయి. ప్రాణాపాయం ఉంటే తప్ప అవి కూడా అల లేవని వేగంతోనే తిరగాలి.

పడవ తిరగబడితే

ఎర్రజెండా ఎగురుతుంది, పందెం పడవలన్నీ ఆగుతాయి, గజ ఈతగాళ్లు దూకుతారు. నడిపే మనిషి మూసిన కాక్‌పిట్‌లో బెల్టులతో కట్టి, తలకిందులుగా ఉంటాడు. అలాంటి స్థితి నుంచి బయటపడే పరీక్ష పాసైతేనే అతన్ని పందెంలోకి రానిస్తారు. అయినా స్పృహ తప్పితే అతని ఊపిరి మీ రక్షణ పడవ మీదే ఆధారపడుతుంది. ఆ క్షణంలో ప్రేక్షకుల పడవలు చూడ్డానికి ముందుకు జరుగుతాయి. ఇది ప్రతిచోటా జరిగేదే. కాబట్టి ఎర్రజెండా లేవగానే కాపలా పడవల్లో సగం ప్రమాదం వైపు కాకుండా ప్రేక్షకుల వైపు తిరిగి నిలవాలి. రక్షణ పడవ, వైద్యుల పడవ తిరిగి తమ చోటికి చేరేదాకా పందెం మొదలుకాదు. ప్రేక్షకుల్లో ఒకరికి గుండెనొప్పి వచ్చి వైద్యుల పడవ అటు వెళ్లినా అదే నియమం.

తెరవడం

పందెం పడవలన్నీ ఒడ్డెక్కాయని లెక్క చూసుకోండి. విరిగిన ముక్కలు ఏరండి. చీకటి పడకముందే బోయాలు, వాటి తాళ్లు, లంగర్లు తీసేయండి. దీపం లేని బోయా రాత్రి పడవకు ప్రమాదం. ఆ తర్వాతే పెట్రోల్ కమాండర్ ‘నది తెరిచాం’ అని ప్రకటించాలి. ఒక్కసారిగా వదిలితే రెండు వైపులా ఆగిన పడవలు ఇరుకులో ఎదురెదురుగా వస్తాయి. ముందు జనాన్ని దాటించే పడవలు, ఆ వెనక వేట పడవలు, చివరికి లాంచీలు, బరువు పడవలు.

ఏ గంటకు మూశారు, ఏ గంటకు తెరిచారు, ఎవరు హద్దు దాటారు, ఎందుకు దాటారు, అన్నీ ఒక పుస్తకంలో రాయండి. మరుసటి ఏడాది అర్జీకి అదే మొదటి కాగితం.

మీ ఊరి నదిలో పందెం పెడుతున్నారని తెలిస్తే మొదటి సమావేశానికే వెళ్లండి. మత్స్యకారుల సంఘం పెద్దను, ఒక సరంగును వెంట తీసుకెళ్లండి. రేవు మళ్లీ ఏ గంటకు తెరుస్తారో అక్కడే అడిగి, మినిట్స్‌లో రాయించండి.